బెంగళూరు దగ్గరి దేవనహళ్లి బెలూన్ పండుగ టికెట్లు కొనకండి, కొన్నవాళ్లు ఈ రోజే డబ్బు వెనక్కి అడగండి

మన తెలుగు గ్రూపులన్నిట్లో తిరుగుతున్న ఆ పోస్టర్ గురించే ఇది. మేఘాల మధ్య బెలూన్ బొమ్మ, కింద ‘ఆకాశంలో సూర్యోదయం’, తలకు 2,500 రూపాయలు. వచ్చే శని, ఆదివారాలకు కూడా ఆ నిర్వాహకుడే అమ్ముతున్నాడు. అరకులో 2017 నవంబరులో బెలూన్ల పండుగ చూసినవాళ్లు మనలో చాలామంది. అలాగే ఉంటుందనుకుని మారతహళ్లి నుంచి, వైట్‌ఫీల్డ్ నుంచి తెల్లవారుజామున పిల్లల్ని లేపుకుని వెళ్లారు.

అక్కడున్నది ఒకే ఒక్క బెలూన్, మూడు జీపులకు తాళ్లతో కట్టి. దీన్ని టెథర్ అంటారు. 60 నుంచి 100 అడుగులు లేచి, నాలుగైదు నిమిషాల్లో అదే చోట దిగుతుంది. టెథర్ తప్పు కాదు, పిల్లలకు బాగుంటుంది కూడా. కానీ దాన్ని టెథర్ అని చెప్పి అమ్మాలి. పోస్టర్లో ఆ మాటే లేదు.

ఎనిమిదింబావుకి గాలి లేచింది, పైలట్ బెలూన్ దించేశాడు. అప్పటికి ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిదిన్నర స్లాట్ల జనం వరసలో నిలబడి ఉన్నారు. అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనవణ్ణి చేత్తో పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లి, "బాబూ, మేం ఎక్కనే లేదు, డబ్బులు ఇచ్చెయ్ నాయనా" అంది. నిర్వాహకుడు ఫోన్లోంచి తల ఎత్తకుండా అన్న మాట: "టికెట్ మీద ఫ్లైట్ అని ఎక్కడుందమ్మా? బెలూన్ ఎక్స్‌పీరియన్స్ అని ఉంది. బెలూన్ చూశారుగా, అయిపోయింది. పక్కకు జరగండి." అతనిదీ మన తెలుగే. మన భాషలో పోస్టర్ వేసి పిలిచి, అమ్మమ్మ వయసున్న మనిషితో అలా మాట్లాడాడు. డబ్బు పోయిన బాధ కన్నా నాకు ఆ మాట ఎక్కువ మండుతోంది.

పైలట్ ఆపడం నూటికి నూరుపాళ్లు సరైన పని. మోసం ఆ వేళలకి టికెట్ అమ్మడంలో ఉంది. వేడిగాలి బెలూన్ ఎగిరేది తెల్లవారాక మొదటి రెండు గంటలు, లేదంటే పొద్దు గూకే ముందు. ఎండెక్కితే నేల కాగి గాలి పైకి లేస్తుంది, గాలివాటం నిలకడ తప్పుతుంది. కట్టేసిన బెలూన్‌కి ఇది మరీ ప్రమాదం. వదిలేసిన బెలూన్ గాలితో పాటే సాగిపోతుంది, బుట్టలో ఉన్నవాళ్లకి గాలి వీస్తున్నట్టే అనిపించదు. కట్టేసింది పోలేదు. గాలి పక్కనుంచి గుద్ది గుడ్డను లోపలికి నొక్కుతుంది, వేడిగాలి కింది మూతిలోంచి బయటికి పోతుంది, బుట్ట ఒరుగుతుంది, బర్నర్ మంట గుడ్డకు తగలొచ్చు. అందుకే గాలి గంటకు 10 కిలోమీటర్ల చుట్టుపక్కలకి రాగానే టెథర్ ఆపేయడం మామూలు. ఈ పనిలో ఉన్న ఎవడికైనా తొమ్మిదిన్నర స్లాట్ నడవదని టికెట్ అమ్మేటప్పుడే తెలుసు.

లెక్క కూడా చూడండి. 3,000 ఘనపు మీటర్ల బెలూన్, లోపల 100 డిగ్రీల వేడి. దేవనహళ్లి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి గాలే పల్చన. తెల్లవారుజామున బయట 20 డిగ్రీలుంటే అది మోసే మొత్తం బరువు 690 కిలోల దాకా. బయట 26 డిగ్రీలకి వచ్చేసరికి 630కి పడిపోతుంది, అంటే ఒక మనిషి తక్కువ. గుడ్డ, బుట్ట, బర్నర్, సిలిండర్లకే 350 కిలోల పైన పోతుంది. మిగిలేది పైలట్‌కి, ఇంకో నలుగురికి. ఎక్కించి, లేపి, దించడానికి ఎనిమిది నిమిషాలనుకుంటే రెండు గంటల్లో 15 సార్లు, 60 మంది. సిలిండర్లు మార్చే సమయం తీసేస్తే 50. ఇతను ఆరున్నర నుంచి పదింటిదాకా అరగంటకో స్లాట్ పెట్టి, స్లాటుకి 40 మందికి అమ్మాడు.

ఇంకొకటి. బెలూన్‌లోకి గాలి నింపే పెట్రోల్ ఫ్యాన్ దగ్గర, గ్యాస్ సిలిండర్ల దగ్గర పిల్లలు పరుగెడుతున్నారు. అడ్డంగా ఒక తాడు కూడా కట్టలేదు. ఈజిప్టులోని లక్సర్‌లో 2013 ఫిబ్రవరి 26న 19 మంది చనిపోయింది గ్యాస్ గొట్టం లీకై బెలూన్ దిగుతుండగా మంట అంటుకునే. ఇది తెలిసినవాడెవడూ జనాన్ని అంత దగ్గరికి రానివ్వడు.

‘మాది ఏవియేషన్ స్టార్టప్, కొత్తవాళ్లని ప్రోత్సహించండి’ అని ఇప్పుడు గ్రూపుల్లో రాస్తున్నాడు. జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో హెలికాప్టర్లతో మొదలుపెట్టి 2003లో చౌక టికెట్ల విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ నడిపిన కెప్టెన్ గోపీనాథ్ ఊరు ఈ బెంగళూరు. ఇక్కడ విమానాల వ్యాపారం అంటే జనం నమ్మి డబ్బు పెడతారు. ఇలాంటివాళ్ల వల్ల రేపు నిజాయితీగా బెలూన్ నడిపేవాళ్ల దగ్గరికి కూడా ఎవరూ రారు.

ఎవరి దగ్గర కొన్నా ముందు అడగండి: టెథరా, ఫ్రీ ఫ్లైటా (అంటే తాడు లేకుండా వదిలేసి ఎగిరేదా)? బెలూన్ మన చట్టం ప్రకారం విమానమే, కాబట్టి వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పాలి, విదేశీ బెలూన్ అయితే దాని నంబర్, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అనుమతి చూపించాలి. పైలట్ లైసెన్సు, ప్రయాణికుల బీమా, గాలి వల్ల ఆగితే డబ్బు వాపసు అన్న మాట, అన్నీ రాతలో ఉండాలి. ఏడున్నర తర్వాతి ఉదయం స్లాట్ కొనొద్దు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టండి. క్రెడిట్ కార్డు మీద కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. పాత పోస్టర్ మీ ఫోన్లో ఉంటే చెరపకండి, నిన్న రాత్రి నుంచి కొత్త పోస్టర్ తిప్పుతున్నారు, అందులో మూలన చిన్న అక్షరాల్లో ‘టెథర్డ్’ అని చేర్చారు.