నెట్ లేకపోయినా ఫెట్

"క్లాసులో పనికొచ్చేది ఆన్‌లైన్‌లో ఒక్కటి చెప్పండి మాస్టారూ" అని ఎవరడిగినా ఆరేళ్ళుగా నేను చెప్పే పేరు ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ మొదలుపెట్టిన సిమ్యులేషన్లివి, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు. ఉచితమనీ, సైన్సుకూ లెక్కలకూ బోలెడున్నాయనీ తోటి మాస్టర్లకు నేను చెప్పక్కర్లేదు. వాటి మీద నాకింత ప్రేమ కలగడానికి కారణం ఒక్కటే. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే ఇక నెట్‌తో పనిలేదు. ఒక సిమ్యులేషన్ అంటే ఒక్క ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళి క్రోమ్‌లో తెరిస్తే చాలు, లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు.

మాది కోనసీమలో ఏటిగట్టు పక్కనే ఉన్న హైస్కూలు. గదిలో పెద్ద ప్యానెల్, అంటే వేలితో నడిపే తెర ఉంది, కానీ మబ్బు పట్టిందంటే నెట్ ఉండదు. రాత్రి కూర్చుని మంచి వీడియో వెతికిపెట్టుకుని వెళ్తే, తెర మీద గుండ్రం తిరుగుతూ ఉండగానే పీరియడ్ అయిపోయిన రోజులు లెక్కలేనన్ని. నలభై మంది పిల్లలు చూసి చూసి విసిగిపోయాక వాళ్ళను మళ్ళీ పాఠంలోకి తేవడం ఎంత కష్టమో అనుభవించిన వాళ్ళకే తెలుసు. ఫెట్ ఫైలు నన్ను అలా ఒక్క రోజు కూడా నిలబెట్టలేదు.

పదో తరగతి విద్యుత్తు పాఠానికి నేను వాడేది సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్. సెల్లు, తీగలు, బల్బు, స్విచ్చు వేలితో లాగి కలుపుకోవడమే. తీగలో ఎలక్ట్రాన్లు నీలం పూసల్లా కదులుతాయి. బల్బు కొంత కరెంటును తినేసి మిగతాది వదులుతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు, ఎంత చెప్పినా ఆ నమ్మకం పోదు. బల్బుకు అటొకటి, ఇటొకటి కరెంటు కొలిచే అమ్మీటర్లు పెట్టి రెండింటిలోనూ ఒకే అంకె చూపించాను. వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. బోర్డు మీద ఏళ్ళ తరబడి చెప్పి ఒప్పించలేకపోయిన సంగతి అది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2025 అక్టోబరులో ఆ పాఠం సగంలో ఉండగా మొంథా తుఫాను వచ్చింది. ముందుగానే బడికి సెలవులిచ్చారు. ఆఖరి రోజు సాయంత్రం, ఫోను తెచ్చుకున్న కొందరికి ఆ ఫైలు వేసి పంపాను. 28 రాత్రి తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు పడ్డాయి, స్తంభాలు ఒరిగాయి, మా వైపు కరెంటూ లేదు, ఫోన్లలో సిగ్నలూ లేదు.

బడి తెరిచిన రోజు ప్రార్థన కాగానే ఒక పిల్లాడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ల కోసం నడిపే జనరేటరు దగ్గర ఫోను చార్జింగ్ పెట్టుకుని, కరెంటు లేని ఆ రోజుల్లో వీడు సర్క్యూట్లు కడుతూ కూర్చున్నాడట. అడిగింది ఇదీ:

"మాస్టారండీ, ఇందులో తీగ ఎంత పొడుగు లాగినా బల్బు ఎలుగు తగ్గట్లేదండి. మా ఇంటికాడ స్తంభం దూరమనే కదండీ లైటు గుడ్డిగా ఎలిగేది? ఏది నిజమండీ?"

నా దగ్గర జవాబు లేదు. తీగ పొడవు పెరిగితే నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, పెరుగుతుందని నేనే బోర్డు మీద రాసి చెప్పాను. అదే పీరియడ్‌లో, అదే ప్యానెల్ మీద, దానికి విరుద్ధంగా కనిపించేదాన్నీ చూపించాను. ఆరు బ్యాచ్‌లకు చూపించాను, ఒక్కసారైనా తీగను చివరిదాకా లాగి చూడలేదు. "రేపు చెప్తానురా" అని పంపించేశాను గానీ ఆ రోజంతా మనసు పాఠాల మీద లేదు.

సాయంత్రం ఇంట్లో కూర్చుని మీటలన్నీ నొక్కి చూశాను. ల్యాబ్ తెరలో అడ్వాన్స్‌డ్ అనే పెట్టె ఒకటి మూసి ఉంటుంది. తెరిస్తే అందులో తీగ విశిష్ట నిరోధం (తీగ చేసిన పదార్థం కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పేది) మార్చే మీట ఉంది, మామూలుగా అది అట్టడుగున ఉంటుంది. అంటే మొదట కనిపించే తీగ దాదాపు నిరోధం లేని తీగ. లెక్కలు తేలిగ్గా ఉండాలని అలా పెట్టారు, తప్పు కాదు. మీట పైకి జరిపి తీగను సాగదీశాను. బల్బు వెలుగు తగ్గుతూ వచ్చింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఇంట్లోవాళ్ళకు చెప్తే అర్థం కాలేదు, మీకు అవుతుందని రాస్తున్నాను.

మర్నాడు ఆ పిల్లాడి ఇంటి తీగనే లెక్కకు తీసుకున్నాం. స్తంభం నుంచి ఇంటికి వంద మీటర్లు అన్నాడు, అంటే రానూపోనూ 200 మీటర్ల తీగ. అల్యూమినియం తీగ, మధ్యచ్ఛేద వైశాల్యం 2.5 చదరపు మిల్లీమీటర్లు అనుకున్నాం. అల్యూమినియం విశిష్ట నిరోధం 2.8×10⁻⁸ ఓం-మీటర్లు. దాన్ని పొడవుతో గుణించి వైశాల్యంతో భాగిస్తే తీగ నిరోధం 2.24 ఓములు. మోటారు వేసి 10 ఆంపియర్లు లాగితే 22 ఓల్టులకు పైగా తీగలోనే పోతాయి, 230కి బదులు ఇంటికి అందేది 208కి లోపే. "అదే తీగ 4 చదరపు మిల్లీమీటర్లదైతేనో?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. 14 ఓల్టులు పోతాయని తనే లెక్క చేసి చెప్పింది. అంత శ్రద్ధగా ఓం నియమం లెక్కలు చేసిన తరగతిని నేను చూడలేదు.

అయితే పైన "తెరిస్తే చాలు" అని రాశాను, ఆ మాట కాస్త సవరించుకోవాలి. ఈ కిట్‌లో బ్యాటరీ రెండు కొసలనూ తీగతో కలిపేస్తే తెర మీద మంట వస్తుంది. పిల్లలకు అది చెప్పలేనంత సరదా. రెండేళ్ళ క్రితం ఒక అమ్మాయి ఇంట్లో టార్చి సెల్లుల కొసలు సన్నటి రాగి పోచతో కలిపింది. మంట రాలేదు, పోచ వేడెక్కి చేతి బొటనవేలు బొబ్బెక్కింది. టార్చి సెల్లు కాబట్టి అంతటితో పోయింది. చెరువు గట్ల మీద మోటారు తీగలు తడి నేలలో పడి ఉండే ఊళ్ళు మావి. షార్ట్ సర్క్యూట్ అంటే ఆట అనే భావం ఒక్క పిల్లాడి మనసులో మిగిలినా నాకు నిద్ర పట్టదు. అప్పటినుంచి వరస మార్చాను. మొదటి రెండు రోజులు నిజం సెల్లులు, నిజం తీగలే. మా ఉప్పుగాలికి ల్యాబ్ తీగల కొసలు చిలుము పట్టి ఉంటాయి, గీకితే గానీ బల్బు వెలగదు. ఆ గీకడం కూడా పాఠమే, అది తెర మీద దొరకదు. మూడో రోజునే ప్యానెల్.

ఫోన్లలో వేసిచ్చేటప్పుడు ఇంకో మాట. కొన్ని ఫోన్లు ఫైలును వేరే వ్యూయర్‌లో తెరిచి తెల్ల తెర చూపిస్తాయి. క్రోమ్‌లో తెరవమని దగ్గరుండి చూపించి పంపాలి.

నాకు కుదిరింది అందరికీ కుదురుతుందని అనను. గదిలో ప్యానెల్ ఉంది, భౌతికశాస్త్రం ఒక్కటే చెప్తాను, మా పాఠ్యపుస్తకంలో తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి తెర మీది ఇంగ్లీషు మాటలు పిల్లలకు అడ్డు కాలేదు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కొన్నింటిని తెలుగులోకి తెచ్చారు, అన్నీ రాలేదు. ఆరు, ఏడు తరగతులకు చెప్పేవాళ్ళు ముందు అది చూసుకోవాలి. ఒక్క ఫోను నలభై మంది మధ్య తిప్పాల్సిన బడిలో ఇది ఎంతవరకు ఉపయోగమో అక్కడ పనిచేసేవాళ్ళే చెప్పాలి. నా మటుకు ఈసారి ఈ పాఠాన్ని తీగ పొడవుతోనే మొదలుపెడతాను, మూడో రోజు ప్యానెల్ వేయగానే ముందు ఆ పెట్టె తెరుస్తాను.