చిత్రసంతెలో నన్ను ఆపేసిన నీలం

జనవరిలో బెంగళూరు కుమారకృపా రోడ్డులో చిత్రసంతెకి, అంటే చిత్రకారులు వీధిలోనే బొమ్మలు పెట్టి అమ్మే సంతకి వెళ్లాను. వినాయకులు, గుర్రాలు, బుద్ధుడి ముఖాలు చూసీ చూసీ కళ్లు అలిసిపోయాక, ఒక చెట్టు కింద ఫలానా ఆకారమంటూ లేని నీటిరంగుల అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు పెట్టుకుని కూర్చున్న ఒకాయన దగ్గర ఆగాను, ఇక కదల్లేదు. మాట కలిపితే ఆయనా తెలుగువారే, అనంతపురం వైపు.

ఒక బొమ్మ గురించి చెప్పాలి. తడి కాగితం మీద అల్ట్రామెరైన్ నీలం పారించారు, అంతే. ఆ రంగు రేణువులు కాగితం గరుకులోకి దిగి, దగ్గరికెళ్లి చూస్తే ఏటి ఒడ్డున ఆరుతున్న ఇసుకలా ఉంది. ఒక అంచున రంగు సగం ఆరాక నీటిబొట్టు పడింది, రంగు వెనక్కి తోసుకుపోయి కాలీఫ్లవర్‌లా విచ్చుకుంది. చాలామంది దాన్ని తప్పనుకుని దిద్దబోయి పాడుచేస్తారు, ఈయన ముట్టుకోలేదు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే కదా, ఆ ఖాళీ ఎక్కడ వదలాలో ఈయనకి బాగా తెలుసు.

పెద్ద బొమ్మలు మాత్రం నచ్చలేదు. ఐదారు రంగులు ఒకదానిమీద ఒకటి వేసేసరికి బురదై, వెలుగంతా పోయింది. ఆ మాట ఆయనకే చెప్పాను, ఓపిగ్గా విన్నారు.

చిన్న నీలం బొమ్మ 3,500కి కొన్నాను, నా దృష్టిలో చాలా తక్కువ. మీరూ కొంటే ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం కాగితానికి అంటకుండా మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ వచ్చే మందపాటి అట్ట పెట్టించండి, ఎండ పడే గోడకి మాత్రం వద్దు, కొన్ని ఎరుపులు, గులాబీలు త్వరగా వెలిసిపోతాయి.