షెల్‌బర్న్ ఫార్మ్స్‌లో ఒక రాత్రి: వెబ్ గారి దివాణం, నాన్న పితికిన ఆవు

అమ్మానాన్న ఈసారి వచ్చినప్పుడు నయాగరా మళ్లీ వద్దన్నారు, అందుకని బాస్టన్ నుంచి వెర్మాంట్ బయల్దేరాం. మొదటి రాత్రి హైవే పక్కన ఏదో మోటెల్. పేరెందుకులెండి, ఆ దుప్పట్ల సిగరెట్ వాసన ఇంకా ముక్కులోనే ఉంది. రెండో రాత్రి షెల్‌బర్న్ ఫార్మ్స్ ఇన్, ఒక పాత ఎస్టేటు మేడనే హోటల్‌గా మార్చింది.

బర్లింగ్టన్‌కి కాస్త దక్షిణాన, షాంప్లేన్ సరస్సు ఒడ్డున 1,400 ఎకరాలు. గేటు దాటగానే ఇల్లు కనబడదు. పచ్చిక, చెట్లు, ఒక మలుపు, మళ్లీ పచ్చిక, ఇంకెప్పుడొస్తుందిరా అని అమ్మ అడుగుతుండగా ఒక్కసారిగా ఎర్ర ఇటుకల మేడ, వెనక నీళ్లు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ రూపకర్తల్లో ఒకరైన ఓమ్‌స్టెడ్ సలహాతో తీర్చిన నేల ఇది, ఊరికే అలా ఊరించదు మరి.

కట్టించినాయన విలియం సెవర్డ్ వెబ్. చదివింది డాక్టరీ, చేసింది రైలు బోగీల వ్యాపారం. భార్య లైలా, రైళ్ల వ్యాపారంలో కోట్లు గడించిన వాండర్‌బిల్ట్ వారి ఆడపడుచు, అసలు సొమ్మంతా అటువైపుదే. 1886 నుంచి చుట్టుపక్కల రైతుల పొలాలు ఒక్కొక్కటే కొని 3,800 ఎకరాలు చేశారు. ఇది చెప్పగానే నాన్న, "మరి అమ్ముకున్నవాళ్లు ఎటు పోయార్రా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇల్లు ఇప్పుడున్న ఆకారానికి వచ్చేసరికి 1899 అయింది. వెబ్ గారికి గుర్రాల పిచ్చి కూడా, ఇంగ్లండ్ హాక్నీ జాతితో ఇక్కడి రైతుల గుర్రాలను మెరుగుపరుద్దామని 418 అడుగుల పొడవున కొట్టం కట్టించాడు. ఈలోగా కార్లూ ట్రాక్టర్లూ వచ్చేశాయి! తర్వాతి తరాలకు ఇంత ఎస్టేటు మొయ్యడం కష్టమైంది. మునిమనవల తరం దీన్ని ముక్కలు చేసి అమ్మకుండా 1972లో లాభాపేక్ష లేని సంస్థగా మార్చింది, 1987లో ఇల్లు ఇన్‌గా తెరిచారు. మన వైపు ఎన్ని దివాణాలు కల్యాణ మండపాలయ్యాయో తలచుకుంటే వీళ్లు నయమే అనిపించింది.

గదులు 24. ఏసీ లేదు, సెంట్రల్ హీటింగ్ లేదు, అందుకే మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకే తెరుస్తారు. కొన్ని గదులకు బాత్రూమ్ ఉమ్మడి, రేటు తక్కువ. అమ్మానాన్నకు అటాచ్‌డ్ తీసుకుని నేను ఉమ్మడిదాంట్లో సర్దుకున్నా, ఇబ్బందేం లేదు. డబ్బు మాత్రం బాగానే అవుతుంది, కాబట్టి ఒక్క రాత్రి చాలు. లైబ్రరీలో కూర్చోవడానికి, సాయంత్రం సరస్సు అవతల ఎడిరాండాక్ కొండల వెనక పొద్దు గుంకడం చూడ్డానికి ఆ ఒక్క రాత్రైనా ఉండాలి. డిన్నర్ చాలావరకు తోటలో పండినవాటితోనే, నాకు నచ్చింది. అమ్మ గదిలో పులిహోర డబ్బా తెరిచింది.

కానీ నాన్నకు మేడ పట్టలేదు. పొద్దున్నే ఫార్మ్ బార్న్‌కి వెళ్లాం, అక్కడ బ్రౌన్ స్విస్ ఆవు దగ్గర పిల్లలు ఒక్కొక్కరే వచ్చి రెండు వేళ్లతో చన్ను లాగుతున్నారు, చుక్క పడితే కేరింతలు. నాన్న కాసేపు చూసి, "చేపకుండా పాలెలా వస్తాయి?" అని గొణిగి, తన వంతు రాగానే గొంతుక్కూర్చుని పొదుగు మీద నాలుగుసార్లు అరచేత్తో నిమిరి, పిడికిలి పట్టారు. సర్ర్ సర్ర్‌మని రెండు ధారలు. అక్కడ చూపించే అమ్మాయి నోరు తెరిచి, ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. నాన్న నావైపు తిరిగి, "చెప్పరా, తెనాలి అని" అన్నారు.

ఈ ఆవుల పాలతోనే ఇక్కడ చెడ్డార్ చీజ్ చేస్తారు, ఒక దిమ్మ కొన్నాం. వెళ్లేవాళ్లు జూన్‌లోనైనా స్వెటర్ పెట్టుకోండి, మా అమ్మ వరండాలో మంకీ క్యాప్‌తోనే కాఫీ తాగింది.