వేసైడ్ ఇన్, కలోనియల్ ఇన్: రెండింటిలో పాత సత్రం ఏది?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న ఈ రెండూ తమ పుట్టిన సంవత్సరం 1716 అనే చెప్పుకుంటాయి. కానీ లెక్కలో తేడా ఉంది.

సడ్‌బరీలోని వేసైడ్ ఇన్ అచ్చమైన పూటకూళ్ల ఇల్లు. 1716లో డేవిడ్ హౌ సొంత ఇంట్లోనే బాటసారులకు తిండి, పడక పెట్టడం మొదలుపెట్టాడు. కొడుకు ఎజెకియల్ సత్రం నడుపుతూనే 1775 ఏప్రిల్ 19న ఊరివాళ్లను వెంటేసుకుని బ్రిటిష్ సైన్యంతో జరిగిన కాంకర్డ్ పోరుకు వెళ్లాడు. నాలుగు తరాలు ఇదే వృత్తి. 1861లో లైమన్ హౌ పెళ్లి కాకుండానే పోవడంతో ఆ వరస ఆగింది. రెండేళ్లకే కవి లాంగ్‌ఫెలో దీన్ని కవిత్వంలోకి ఎక్కించాడు, ఇప్పటి పేరు అలా వచ్చిందే. 1923లో కార్ల హెన్రీ ఫోర్డ్ కొని, పక్కన పాతకాలపు పిండిమర కూడా కట్టించాడు. (సత్రం కొన్నాడా, మ్యూజియం కొన్నాడా అనిపిస్తుంది.) 1955లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది, తర్వాత బాగుచేశారు.

కాంకర్డ్‌లోని కలోనియల్ ఇన్‌లో 1716 నాటిది కట్టడం మాత్రమే. అమెరికా విప్లవకాలంలో ఒక భాగం గిడ్డంగి, తర్వాత కొన్నాళ్లు రచయిత థోరో కుటుంబం ఇల్లు. హోటల్ అయింది 1889లో.

ఊరి నడిబొడ్డున బస కావాలంటే కాంకర్డే హాయి. సత్రం నడిపినవాళ్ల కథ కావాలంటే మాత్రం నా ఓటు సడ్‌బరీకే.