పారిస్ వైన్ మేళాలో షాంపేన్: ఎక్కడ దిగాలి, ఏ వరుసలో రుచి చూడాలి

షాంపేన్లను పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలంటే నేలమాళిగల టూర్లకంటే పెద్ద వైన్ మేళాయే మంచి చోటు. షాంపేన్ ప్రాంతంలోని రీమ్స్‌లోనో ఎపెర్నేలోనో ఒక హౌస్‌కి (షాంపేన్ తయారుచేసే కంపెనీకి) టికెట్ కొంటే చివర్లో వాళ్లు ఎంచిపెట్టిన ఒకటి రెండు గ్లాసులే దొరుకుతాయి. మేళాలో ఒక్క గంటలోనే నాలుగు ఊళ్ల ద్రాక్ష, మూడు రకాల తీపి మోతాదులు, రెండు మూడు పంటలు రుచి చూడొచ్చు. కానీ హాలులో నాలుక మోసపోవడం కూడా అంతే తేలిక. గ్లాసు ఎలాంటిది, వైన్ ఎంత చల్లగా ఉంది, సీసా ఎప్పుడు తెరిచారు, దానికి ముందు ఏం తాగారు అనేవి చూసుకోకుండా వేసే మార్కులకు విలువ ఉండదు.

ముందు ఏ మేళాకు వెళ్లాలో తేల్చుకోవాలి. ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగే వైన్ పారిస్, మార్చిలో జర్మనీలోని డ్యుసెల్డార్ఫ్‌లో జరిగే ప్రోవైన్ వ్యాపారులకోసం. ఏప్రిల్‌లో రీమ్స్‌లో వరసగా జరిగే ప్రెంతాం దే షాంపేన్ అనే రుచి సభలూ అంతే. దిగుమతిదారులు, రెస్టారెంట్లవాళ్లు, విలేకరులు కానివాళ్లకు అక్కడ ప్రవేశం దొరకడం కష్టం. మామూలు యాత్రికులకు మా ఓటు నవంబరు చివర పారిస్ పోర్ట్ ద వెర్సాయ్ ఎగ్జిబిషన్ హాళ్లలో జరిగే సలోన్ దే విన్యెరోన్ ఆందేపాందాన్‌కే. సొంత తోటలో పండించిన ద్రాక్షతో తామే వైన్ చేసి, తామే సీసాల్లో నింపేవాళ్ల మేళా అది. టికెట్‌తో పాటే గ్లాసు ఇస్తారు, రుచి చూసినందుకు స్టాల్లో విడిగా డబ్బు అడగరు. మోయెట్, వోవ్ క్లికో లాంటి పెద్ద పేర్లు మాత్రం అక్కడ ఉండవు. అవే కావాలనుకుంటే రైలెక్కి రీమ్స్ పోవడమే మేలు.

బస విషయంలో మూడు దారులున్నాయి. పోర్ట్ ద వెర్సాయ్ చుట్టుపక్కల హోటళ్ల నుంచి నడిచి వెళ్లొచ్చు, కానీ ఎగ్జిబిషన్ ఉన్న రోజుల్లో అక్కడ గది అద్దె బాగా పెరుగుతుంది, సాయంత్రం తిండికి కూడా ఎంపిక తక్కువ. మోంపర్నాస్ దగ్గర దిగితే మెట్రో 12వ లైన్‌లో నేరుగా హాలు ముందు దిగొచ్చు, తిండికి లోటుండదు. మేళా ఒక్కటే చూసేవాళ్లకు ఇదే సరైన చోటు. మర్నాడు షాంపేన్ ప్రాంతానికి వెళ్లేవాళ్లు గార్ ద లెస్ట్ స్టేషన్ దగ్గర గది తీసుకోవడం మంచిది. అక్కడినుంచి 4వ లైన్‌లో మోంపర్నాస్ వచ్చి 12కి మారితే చాలు. ఆ మారే స్టేషన్‌లో నడక ఎక్కువే, సాయంత్రం సీసాల పెట్టెతో ఆ మెట్లు దిగాలంటే చేతులు లాగేస్తాయి.

శని, ఆదివారాల మధ్యాహ్నం హాలులో మోచేయి ఆడించే చోటుండదు, సాగుదారు మాట వినపడదు. పని రోజున తలుపులు తెరిచే వేళకి లోపలుండాలి. షాంపేన్ స్టాళ్లన్నీ ఒకే మూల ఉంటాయనుకుని వెళ్లకూడదు. ముందురోజే కేటలాగ్ చూసి పేరు, ఊరు, స్టాలు నంబరు రాసుకుంటే గంట సమయం మిగులుతుంది. నవంబరు చలికి అందరూ బరువైన కోట్లతో వస్తారు కాబట్టి సాయంత్రం కోట్లు తిరిగి తీసుకునే దగ్గర పొడుగాటి క్యూ ఉంటుంది. పల్చటి స్వెటర్లు రెండు వేసుకుని వెళ్తే ఆ క్యూ తప్పుతుంది. సెంటు పూసుకుని మాత్రం వెళ్లొద్దు. మీకే కాదు, పక్కవాళ్లకీ వైన్ వాసన తెలియకుండా పోతుంది.

లెక్క ఒకటి ముందే వేసుకోవాలి. ఒక్కో స్టాల్లో పోసేది సుమారు 30 మిల్లీలీటర్లు. అలాంటివి 25 మింగితే 750 మిల్లీలీటర్లు, అంటే 12 శాతం ఆల్కహాల్ ఉన్న ఒక సీసా మొత్తం మీరే తాగినట్టు. పైగా బుడగలున్న వైన్ త్వరగా తలకెక్కుతుంది. అందుకే ప్రతి స్టాల్లో ఉమ్మడానికి బకెట్ పెడతారు. ఉమ్మితే అమర్యాద అవుతుందని మొహమాటపడక్కర్లేదు, పోసేవాళ్లు దాన్నే ఎదురుచూస్తారు. అయితే ఉమ్మినా పులుపు నాలుకను వదలదు. ఇరవై దాటాక పళ్లు జివ్వుమంటాయి, చివరి అరడజను వైన్లన్నీ ఒకేలా పుల్లగా అనిపిస్తాయి. పొద్దున పన్నెండు, భోజనం తర్వాత ఎనిమిది చూస్తే చాలు. మధ్యలో మామూలు నీళ్లు, ఏమీ పూయని బ్రెడ్ ముక్క సరిపోతాయి. అదే హాలులో చీజ్, ఎండబెట్టిన మాంసం అమ్మే స్టాళ్లుంటే రుచి చూడటం అంతా అయ్యాకే వాటి దగ్గరికి వెళ్లండి. ఉప్పు, కొవ్వు కలిస్తే కరుకైన వైన్ కూడా మెత్తగా తోస్తుంది, ఇంటికెళ్లి తెరిచాక గాని అసలు సంగతి తెలియదు.

ఇక వరుస. తీపి తక్కువ నుంచి ఎక్కువకి, పల్చన నుంచి చిక్కనకి వెళ్లాలి. చక్కెర కలపని బ్రూట్ నేచర్‌లో లీటరుకి 3 గ్రాముల లోపు తీపి ఉంటుంది, ఎక్స్‌ట్రా బ్రూట్‌లో 6 వరకు, బ్రూట్‌లో 12 లోపు. డెమీ సెక్‌లో అది 32 నుంచి 50 గ్రాములు. ఒక గుక్క డెమీ సెక్ తాగి వెంటనే ఎక్స్‌ట్రా బ్రూట్ తాగితే మంచి వైన్ కూడా చేదుగా, ఎండిపోయినట్టు ఉంటుంది. కాబట్టి ముందు షార్డొనేతో మాత్రమే చేసిన బ్లాన్ ద బ్లాన్, తర్వాత షార్డొనే, పినో న్వార్, మునియే అనే మూడు ద్రాక్షల కలయిక, ఆపైన నల్ల ద్రాక్షతో చేసే బ్లాన్ ద న్వార్, తర్వాత గులాబీ రంగు షాంపేన్ (రోజే), చివర్లో ఓక్ పీపాల్లో పులిసినవీ పాత పంటలవీ. తీపివాటిని వెళ్లిపోయే ముందు చూడండి.

ఈ వరుసలోపల కూడా ఒక్కో విడతలో ఒక్క తేడానే వెతకడం అవసరం. ఉదాహరణకి కోత్ దే బ్లాన్‌లోని క్రమాన్, అవీజ్, లె మెనీల్ సుర్ ఓజే అనే మూడు గ్రాండ్ క్రూ (అత్యున్నత శ్రేణి) ఊళ్ల బ్లాన్ ద బ్లాన్‌లు వెంటవెంటనే చూడండి. మూడూ సుద్ద నేలలే, ఒకే ద్రాక్ష. అయినా లె మెనీల్ వైన్ చిన్నతనంలో బిగుసుకుని, సూటిగా పుల్లగా ఉంటుంది, క్రమాన్‌ది త్వరగా విచ్చుకుంటుంది. మరో విడత మోంతాన్య్ ద రీమ్స్‌లోని వెర్జెనే, అంబొనే, బూజీ ఊళ్ల పినో న్వార్. ఉత్తరం వాలున ఉన్న వెర్జెనే వైన్ గట్టిగా, దక్షిణం వాలున ఉన్న బూజీది పండు రుచితో నిండుగా ఉంటుంది. మూడో విడత మార్న్ లోయ మునియే. ఈ ద్రాక్ష ఆలస్యంగా చిగురిస్తుంది, అందుకే వసంతకాలం మంచు పడే లోయ అడుగున, బంకమన్ను నేలల్లో దాన్ని నాటారు. దీన్ని చాలాకాలం చిన్నచూపు చూశారుగాని, సొంత తోటలవాళ్లు ఇప్పుడు దానితోనే చేస్తున్న షాంపేన్లు ఈ మేళాలో తప్పక వెతికి చూడాల్సినవి. ఇంత స్పష్టంగా ఊళ్లవారీ తేడా పెద్ద హౌస్‌ల మామూలు బ్రూట్‌లో దొరకదు, ఎందుకంటే వాళ్లు పదుల ఊళ్ల వైన్లు కలిపి ఏటా ఒకే రుచి తెస్తారు.

ముందు లేబుల్ మీద బ్రూట్ అని ఉంటే అది 5 గ్రాములదీ కావచ్చు, 11 గ్రాములదీ కావచ్చు. పక్కపక్కన పెట్టి పోలిస్తే రెండోది గుండ్రంగా, పండినట్టు అనిపించి గెలుస్తుంది, గెలిపించింది చక్కెర. అందుకని సీసా వెనక్కి తిప్పి చదవాలి. వెనక ఇలా ఉందనుకోండి: పినో న్వార్ 60 శాతం, షార్డొనే 40, ఆధారం (కలయికలో ముఖ్య భాగం) 2020 పంట, పాత నిల్వ వైన్ 30 శాతం, డిస్గార్జ్‌మెంట్ (మడ్డి తీసేయడం) 2024 మే, డోసేజ్ (కలిపిన తీపి) లీటరుకి 4 గ్రాములు. 2020 పంట వైన్‌ని 2021 వసంతంలో సీసాలో నింపి ఉంటారు కాబట్టి అది ఈస్ట్ మడ్డి మీద మూడేళ్లు పడుకుంది. పంట ఏడాది వేయని షాంపేన్‌కి చట్టం అడిగేది సీసాలో 15 నెలలు, అందులో మడ్డి మీద 12. పంట ఏడాది వేస్తే మూడేళ్లు. అంటే ఈ సాగుదారు అవసరానికి మించి ఆగాడు, గ్లాసులో తగిలే కాల్చిన బ్రెడ్ వాసన అక్కడినుంచే వచ్చింది. మేలో మడ్డి తీసేసి తీపి కలిపారు, నవంబరుకి ఆరు నెలలు గడిచాయి, రెండూ కుదురుకుని ఉంటాయి. అదే పండగ అమ్మకాలకోసం అక్టోబరులో మడ్డి తీసిన సీసా అయితే పులుపు ఒకవైపు, తీపి ఒకవైపు విడివిడిగా తగులుతాయి. దాన్ని తీసిపారేయకూడదు, కొనుక్కుని ఆరు నెలలు ఆగాలి. ఈ వివరాలు లేబుల్ మీద లేకపోతే అడగండి. సాగుదారుకి గ్రాములతో సహా నోటికి వచ్చి ఉంటాయి. ఆధారం 2021 అని చెబితే కాస్త జాగ్రత్తగా రుచి చూడాలి. ఆ ఏడు వసంతంలో మంచు, ఎండాకాలంలో బూజు తెగులు తోటల్ని దెబ్బతీశాయి, ఆ కలయికల్లో మంచివి నిల్వ వైన్ మీద ఆధారపడి నిలబడ్డాయి.

వేడి, చలి సంగతి చెప్పాలి. మంచు బకెట్‌లో మధ్యాహ్నం దాకా మునిగిన సీసా 4, 5 డిగ్రీలకు పడిపోతుంది, అప్పుడు వాసన ఏమీ రాదు. గ్లాసు బొజ్జని రెండు నిమిషాలు అరచేతిలో పట్టుకోండి. మామూలు బ్రూట్ 8 నుంచి 10, పాత పంటలవి 12 డిగ్రీల దగ్గర బాగా తెలుస్తాయి. బుడగల వరస చూసి మాత్రం మార్కులు వేయొద్దు. గ్లాసుకి అంటుకున్న సన్నటి నారపోగుల దగ్గరే బుడగలు పుడతాయని రీమ్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జెరార్ లిజే-బెలేర్ పరిశోధనలు చూపించాయి. గుడ్డతో తుడిచిన గ్లాసులో బుడగలు ఎక్కువ వస్తాయి, సబ్బు మిగిలిన గ్లాసులో అసలు రావు. నోట్లో నురుగు ఎంత సన్నగా ఉందన్నదే చూడాలి. సీసాలో అడుగున రెండు వేళ్ల వైన్ మిగిలి ఉంటే కొత్తది తెరిచేదాకా పక్క స్టాలు చూసి రండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, చెప్తే ఇంకో సీసా తీస్తారు. ఉడికిన క్యాబేజీ వాసన తెల్ల గాజు సీసాల్లో దీపాల వెలుతురు తగలడం వల్ల వస్తుంది.

మర్నాటికి రీమ్స్‌కి టీజీవీ అనే వేగపు రైల్లో ముప్పావుగంట ప్రయాణం. టికెట్‌లో రీమ్స్ సెంటర్ స్టేషన్ అని చూసుకోండి. షాంపేన్-ఆర్దెన్ టీజీవీ అనేది ఊరి బయట బెజాన్‌లో ఉంది, అక్కడ దిగితే మళ్లీ ట్రామ్ ఎక్కాలి. రీమ్స్‌లో సుద్ద గనులే నేలమాళిగలయ్యాయి, 2015లో వాటికి యునెస్కో గుర్తింపు వచ్చింది. పొమెరీ హౌస్‌లో దిగడానికి 116 మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే అడిగి వెళ్లాలి. లోపల సుమారు 10 డిగ్రీలే కాబట్టి స్వెటర్ కావాలి. ముందుగా బుక్ చేసుకోకపోతే శనివారాలు చోటు దొరకదు. ఎపెర్నే చిన్న ఊరు. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే అవెన్యూ ద షాంపేన్, ఒకే వీధిలో పోల్ రోజే, పెరియే-జూయే, మోయెట్ హౌస్‌లు. చూడటానికి రీమ్స్, ఆ వీధిలోనే గ్లాసు చొప్పున తాగి పోల్చుకోవడానికి ఎపెర్నే, మా ఎంపిక ఇది. ఈ రెండు ఊళ్ల మధ్య రైలు అరగంటే.

కొనుగోలు విషయం. మేళాలో సొంత తోటలవాళ్ల సీసాలు ఎక్కువగా 20 నుంచి 40 యూరోల మధ్య ఉంటాయి, ఆరు సీసాల పెట్టె కొంటే కొంత తగ్గించడం మామూలే. ఖాళీ షాంపేన్ సీసాయే 835 గ్రాములు, నిండుది 1.6 కిలోలు, పెట్టె పది కిలోల దాకా వస్తుంది. చక్రాల బండి ముందే తెచ్చుకున్నవాళ్లు సుఖపడతారు. విమానంలో చేతి సంచిలో సీసాలు సెక్యూరిటీ దాటనివ్వరు, చెకిన్ సామానులో పెట్టాలి. ఆరు అట్మాస్ఫియర్ల ఒత్తిడికి తట్టుకునేలా చేసిన సీసా విమానంలో పేలదు, పక్క సీసాకి కొట్టుకుంటే మాత్రం పగులుతుంది. ఒక్కోదాన్నీ విడిగా బట్టల్లో చుట్టి, మూతికి ప్లాస్టిక్ సంచి కట్టి, పెట్టె మధ్యలో సర్దండి. దిగాక రెండు మూడు వారాలు చీకట్లో కదపకుండా ఉంచి, ఆపైన మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తెరవండి.