మిడిగామ లెఫ్ట్: సగం పాఠం ఒడ్డు మీదే చెప్పే సర్ఫింగ్ పాక

శ్రీలంక దక్షిణ తీరంలో గాలె రేవు పట్టణానికీ మాతరకూ మధ్య మిడిగామ అనే చిన్న ఊరుంది. అక్కడి రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, సముద్రం వైపు, కొబ్బరి మట్టలు కప్పిన ఒక పాకలో సర్ఫింగ్ బోర్డులు అద్దెకిస్తారు, పాఠాలూ చెబుతారు. పాకకు పేరుపలక లేదు. ఇసుక అడుగున్న చోట బోర్డు మీద లేచి నిలబడటం వచ్చి, పగడపు దిబ్బ మీద విరిగే అల దాకా వెళ్లాలని ఉన్నా జంకుతున్నవాళ్లు అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ పాక సంగతే. ఇక్కడి గురువు డబ్బు పుచ్చుకోగానే నీళ్లలోకి దించడు. ముందు అల నాడి పట్టుకోవడం నేర్పుతాడు. అది వచ్చిందని తనకు నమ్మకం కుదిరాకే దించుతాడు.

ఇంతగా ఎందుకు మెచ్చుకుంటున్నానో తెలియాలంటే నా సంగతి కొంత చెప్పాలి. నాది విశాఖపట్నం. ఓడలు తిరిగే దారిలో సముద్రపు లోతు కొలిచే సర్వే ఉద్యోగం. సర్ఫింగ్ రుషికొండలో నేర్చుకున్నాను. అక్కడ నేను నేర్చుకున్న చోట అడుగంతా ఇసుకే. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు మన తీరం వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. రేవు గోడల దగ్గర ఆ ఇసుక ఆగిపోతుంది కాబట్టే దాన్ని తవ్వి తీసి ఆర్‌కే బీచ్ వైపు మళ్లీ పోయాల్సి వస్తోంది. అడుగున ఇసుక జరిగే చోట అల విరిగే చోటూ జరుగుతుంది. కిందటి నెల చక్కగా అలలు లేచిన చోట ఈ నెల ఏమీ లేకపోవచ్చు. పడితే మాత్రం ఇసుక మీదే పడతాం. ఆ ధీమాతోనే నేర్చుకున్నాం మేమంతా.

పగడపు దిబ్బ దగ్గర ఆ ధీమా పనికిరాదు. మిడిగామకు వచ్చే కెరటాలు దూరాన దక్షిణ మహాసముద్రంలోని తుఫానుల్లో పుట్టి, వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తాయి. 14 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే కెరటాన్నే తీసుకోండి. లోతైన నీటిలో ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దాదాపు 300 మీటర్ల దూరం ఉంటుంది. అందులో సగం, అంటే 150 మీటర్ల లోతుకు రాగానే దానికి అడుగు తగలడం మొదలవుతుంది. అక్కడి నుంచి వేగం తగ్గుతూ, ఒడ్డు దగ్గరపడే కొద్దీ ఎత్తు పెరుగుతూ వస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గేసరికి నిలవలేక విరుగుతుంది. అంటే మీటరు ఎత్తున్న అల విరిగే చోట మన కింద మీటరున్నర నీరు కూడా ఉండదు. ఇసుక తీరంలో అడుగు మెల్లగా పైకి వస్తుంది, దిబ్బ మాత్రం ఒక్కసారిగా లేస్తుంది. అందుకే అల కూడా ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. కింద రాయి, రాయి మీద పగడం, సందుల్లో నల్లటి ముళ్లతో సీ అర్చిన్లనే గుండ్రటి సముద్రజీవులు ఉంటాయి. పడవలో కూర్చుని తెర మీద చూసే నాకు ఇవన్నీ ఎప్పుడూ అంకెలే. అదే లోతు మీద బోర్డు వేసుకుని బోర్లా పడుకున్నప్పుడు గుండె దడ నాకే వినిపించింది.

మిడిగామలో అందరూ వెళ్లే అల లేజీ లెఫ్ట్. ఒడ్డుకు ముఖం పెట్టి నిలబడినవాళ్లకు ఎడమ చేతి వైపు సాగే అల అది. ఆ దగ్గర్లోనే కుడికి సాగే లేజీ రైట్, రామ్స్ అనే మరో అల ఉన్నాయి. రామ్స్ దగ్గర నీటి లోతు చాలా తక్కువ, అల చాలా బలంగా ఉంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రోజు ఉదయం ఆరు గంటలకు వెళితే గురువు బోర్డు ఇవ్వలేదు. రోడ్డు పక్కన గట్టు మీదికి తీసుకెళ్లి నిలబెట్టాడు. ముప్పై ఏళ్లు దాటని కుర్రవాడు. ఇంగ్లిషులో మాట్లాడుతూ మధ్యమధ్యలో నన్ను అక్కా అనేవాడు. అందరూ పిలిచినట్టు నేనూ అతన్ని మల్లీ అన్నాను, సింహళంలో తమ్ముడని అర్థం. “అరగంట చూడండి అక్కా. తర్వాత నేనడుగుతాను, మీరు చెప్పాలి” అన్నాడు. అన్నట్టే అడిగాడు. తెల్లటి నురగ మొదట ఎక్కడ లేస్తోంది? ఎటు పరుగెడుతోంది? ఎక్కడ ఆగిపోతోంది? ఒక జట్టులో ఎన్ని పెద్ద అలలు వస్తున్నాయి? జట్టుకూ జట్టుకూ మధ్య ఎంతసేపు సముద్రం ఊరుకుంటోంది? ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి ఏ దారిన లోపలికి పోతోంది?

ఆఖరి ప్రశ్నే అసలైనది. దిబ్బ పక్కన లోతైన దారి ఒకటుంది. అక్కడ నీటి రంగు ముదురు, అలలు విరగవు. వచ్చిన నీరు ఆ దారినే వెనక్కు వెళుతుంది. అలల దగ్గరకు వెళ్లాలన్నా, ఏదైనా తేడా వస్తే బయటపడాలన్నా దారి అదే. అల రాకపోయినా ఒకచోట నీరు ఎసరు మరిగినట్టు కుతకుతలాడుతూ ఉండటం చూపించాడు. “అక్కడ రాయి పైకి ఉంది. దానికి ఒడ్డు వైపుకు ఎప్పుడూ రావద్దు” అన్నాడు. ఇన్నేళ్లు ఇదే పనిలో ఉన్నాను. పరికరం సాయం లేకుండా, కంటితో మాత్రమే చూసి ఇంత కచ్చితంగా లోతు పటం చెప్పిన మనిషిని నేను వేరే చూడలేదు.

ఆ తర్వాత ఇసుక మీద పడటం నేర్పాడు. సర్ఫింగ్ పాఠమంటే లేచి నిలబడటమే అనుకునే చోట్లు ఎక్కువ. ఇతను నిలబడటం గురించి ఒక్క మాట అనలేదు. తలకిందులుగా దూకకూడదు. కాళ్లు కిందికి చాచి అడుగు వెతకకూడదు. కాళ్లూ చేతులూ బార్లా చాపి, వీలైనంత చదునుగా, వీపు మీద పడాలి. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోవాలి, ఎందుకంటే మన కాలికి కట్టుకునే లీష్ తాడు రెండో కొసన ఉన్న బోర్డు మన మీదికే తిరిగి వస్తుంది. నీళ్ల లోతు తక్కువగా ఉన్నా నిలబడి నడవకూడదు, బోర్డు మీద పడుకునే రావాలి. అరికాలికి ముళ్లు గుచ్చుకుంటాయన్నది ఒక కారణం. మనం తొక్కితే పగడం చస్తుందన్నది రెండోది. ఆ రెండో కారణం చెప్పేటప్పుడు అతని గొంతులో పట్టుదల వినిపించింది. 1998లో సముద్రం వేడెక్కి ఈ తీరంలో పగడాలు తెల్లబడి చనిపోయిన సంగతి వాళ్ల నాన్న చెప్పేవాడట. ఎండకు క్రీములు పూసుకుని రావద్దని, నిండు చేతుల చొక్కా వేసుకోమని అతను చెప్పేది కూడా అందుకే.

నీళ్లలోకి దిగాక పక్కనే ఉన్నాడు. ఒక్కో పూట ఇద్దరికి మించి తీసుకోడు. చుట్టుపక్కల ఒకే గురువు వెనుక అయిదారుగురు వరసగా వెళ్లడం చూశాను కాబట్టి ఇది చిన్న విషయం కాదు. లోతు దారి వెంట చుట్టూ తిరిగి వెళ్లి, అల విరిగే అంచుకు కొంచెం పక్కన ఆగాం. మూడు అలలు వదిలేయించాడు. నాలుగోదానికి “చేతులతో తెడ్డు వేయండి, ఇంకా, ఇంకా” అని అరిచాడు. అల బోర్డు తోకను ఎత్తింది. నిలబడ్డాను. అంతవరకు నాకు తెలిసిన అలలన్నీ కాసేపట్లో నురగగా చెదిరిపోయేవి. ఇది చెదరలేదు. ఎడమ వైపు గోడలా తెరుచుకుంటూనే పోయింది. తల వంచి చూస్తే అద్దంలాంటి నీటి కింద గోధుమరంగు పగడపు మచ్చలు వెనక్కు జారిపోతున్నాయి. నాకు భయం వేయలేదు, ఎందుకంటే ఆ మచ్చల్లో ఏది ఎక్కడుందో గట్టు మీదే చూసి పెట్టుకున్నాను. లోతు దారి దగ్గర అల మెత్తబడి, నన్ను దానంతటదే వదిలేసింది.

ఆటుపోట్ల విషయంలోనూ అతని లెక్క నచ్చింది. శ్రీలంక దక్షిణ తీరంలో ఆటుకూ పోటుకూ తేడా చాలా తక్కువ, పౌర్ణమికైనా అమావాస్యకైనా మీటరు దాటదు. విశాఖలో మీటరున్నర దాకా చూసే నాకు అది లెక్కలోకి రానిదిగా కనిపించింది. కాని దిబ్బ మీద ఉన్నదే మీటరు నీరైతే, అందులో అరమీటరు తగ్గడమంటే సగం పోయినట్టే. ఆటు వేళకు పడిన ఒక పాఠాన్ని అతనే ముందురోజు సాయంత్రం రద్దు చేసి, మరుసటి పూటకు మార్చాడు. డబ్బు పోతుందని చూసుకోలేదు.

రామ్స్ దగ్గరకు తీసుకెళ్లమని నేనే అడిగాను, ఎక్కువ ఇస్తానని కూడా అన్నాను. గట్టు మీదికి తీసుకెళ్లి అక్కడి అలను చూపించాడు. అల లేచేటప్పుడు దాని ముందు నీరంతా వెనక్కు లాగేసుకుని, రాయి నల్లగా బయటపడుతోంది. “వచ్చే ఏడాది రండి అక్కా, అప్పుడు చూద్దాం” అన్నాడు. బతిమాలినా మాట మార్చలేదు. ఒక గురువుకు డబ్బు ఇవ్వవలసింది ఇలాంటి మాట కోసమే అని నా నమ్మకం.

సామగ్రి బాగుంది. నాకు తొమ్మిది అడుగుల మెత్తటి బోర్డు ఇచ్చారు, మైనం కొత్తగా రాసి ఉంది, లీష్ తాడు కొత్తది. కాళ్లకు పగడం కోసుకోకుండా రబ్బరు బూట్లు అద్దె లేకుండానే ఇచ్చారు. ఒకరోజు పక్క విద్యార్థి మోకాలు పగడానికి గీసుకుంది. వెంటనే తాగే నీళ్లతో బాగా కడిగి, మెత్తటి బ్రష్‌తో గాయంలోని నలుసులు తీసి, మందు వేసి కట్టు కట్టారు. నిమ్మకాయ పిండబోయిన పక్కింటి పెద్దాయనను మర్యాదగా ఆపారు. పగడపు ముక్క లోపల ఉండిపోతే ఆ గాయం రోజుల తరబడి మానదు. మీరు వెళ్లే ముందు ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో చూసుకోండి.

రెండు గంటల పాఠానికి బోర్డుతో కలిపి 5,000 శ్రీలంక రూపాయలు తీసుకున్నారు, మన డబ్బులో దాదాపు 1,400. పాఠం అయ్యాక ఒక తంబిలి కాయ కొట్టి ఇస్తారు. నారింజ రంగు కొబ్బరి బోండాం అది, ఉప్పునీళ్లు మింగిన గొంతుకు ప్రాణం లేచి వస్తుంది.

బాగాలేనివీ ఉన్నాయి. బోర్డుకు దెబ్బ తగిలితే ఎంత కట్టాలో రాసిపెట్టిన కాగితం లేదు. నేను తిరిగి ఇచ్చిన బోర్డు అంచున గోరంత పగులు చూపించి పాక యజమాని 6,000 అడిగారు. ఆ పగులు ముందే ఉందని గురువే చెప్పడంతో వదిలేశారు. అతను ఆ పూట అక్కడ లేకపోతే కట్టాల్సి వచ్చేది. కాబట్టి బోర్డు తీసుకోగానే రెండు వైపులా, తోక దగ్గరా ఫోనుతో ఫోటోలు తీసి వాళ్ల ఎదుటే చూపించండి. హెల్మెట్లు రెండే ఉన్నాయి, రెండూ పెద్దవాళ్ల సైజే. దిబ్బ మీద నేర్పే చోట ఇది తప్పకుండా సరిదిద్దుకోవలసిన లోపం. పిల్లలతో వెళ్లేవాళ్లు సొంత హెల్మెట్ తీసుకెళ్లాలి. కార్డు తీసుకోరు. బట్టలు మార్చుకునే గది తలుపుకు గడియ లేదు, ఆడవాళ్లు ఇద్దరు కలిసి వెళితే మంచిది.

బోర్డు మీద ఎప్పుడూ నిలబడనివాళ్లు నేరుగా ఇక్కడికి రాకూడదు. పక్కనే వెలిగామ అఖాతం ఉంది, అడుగు ఇసుక, అలలు మెత్తన. జనం ఎక్కువే అయినా మొదటి పాఠాలకు అదే సరైన చోటు. అక్కడ నురగలో కాకుండా విరగని పచ్చి అల మీద నిలబడటం వచ్చాక మిడిగామకు రండి. ఈత గట్టిగా రానివాళ్లకు దిబ్బ అసలు వద్దు.

ఈ తీరానికి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఆ నెలల్లో తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, అల నున్నగా నిలబడుతుంది. మధ్యాహ్నానికి గాలి తిరగబడి అలలన్నీ చెదిరిపోతాయి. మే నెలలో నైరుతి గాలులు మొదలయ్యాక సర్ఫింగ్ చేసేవాళ్లు తూర్పు తీరంలోని ఆరుగంబేకు తరలిపోతారు. క్రికెట్ మైదానం వెనుక కోట గోడలు కనిపించే గాలెలో బస బాగుంటుంది కాని, అక్కడి నుంచి ఉదయం ఆరింటికి చేరుకోవడం కష్టం. మిడిగామలోనే గది తీసుకుని, గాలెకు ఒక మధ్యాహ్నం బస్సులో వెళ్లిరండి. కొలంబో నుంచి తీరం వెంట వచ్చే రైళ్లన్నీ మిడిగామలో ఆగవు. ఆగని రైలైతే వెలిగామలో దిగి ఆటో పట్టుకోవాలి. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా ఆ ఒక్క అల కోసం నీళ్లలో జనం కిక్కిరిసి ఉంటారు. పాఠం కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజులు దాటాక, ముందురోజు సాయంత్రమే పాకకు వెళ్లి గురువుతో మాట్లాడి వేళ ఖాయం చేసుకోండి.