మాల్దీవ్స్ ప్యాకేజీలో "ట్రాన్స్‌ఫర్స్ ఇన్‌క్లూడెడ్" అని చూసి డబ్బు కట్టకండి

మాల్దీవ్స్‌లో వాటర్ విల్లా (సముద్రం మీద కట్టిన గది) బుక్ చేద్దామనుకుంటున్నవాళ్లు అడ్వాన్స్ పంపేముందు ఇది పూర్తిగా చదవండి. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ముందూ వెనకా అయితే ఏమనుకోకండి. ఏజెన్సీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఆ తరహావాళ్లు మీ అందరికీ తెలిసినవాళ్లే. ఇన్‌స్టాలో రోజుకో రీల్, నీలం నీళ్ల మీద చెక్క వంతెన, "ఈ రేటు ఇవాళ రాత్రి వరకే" అన్న మాట, కింద వాట్సాప్ నంబరు.

ప్యాకేజీ ఇదీ: ఇద్దరు పెద్దవాళ్లు, తొమ్మిదేళ్ల పాప, రా అటోల్‌లో (అటోల్ అంటే పగడపు దీవుల గుంపు) ఒక రిసార్టు, వాటర్ విల్లాలో నాలుగు రాత్రులు, హాఫ్ బోర్డ్ (బ్రేక్‌ఫాస్ట్, డిన్నర్), ఎయిర్‌పోర్ట్ ట్రాన్స్‌ఫర్స్, అంటే ఎయిర్‌పోర్టు నుంచి రిసార్టుకు రానుపోను ప్రయాణం, ఇన్‌క్లూడెడ్. బేరం ఎలా జరిగిందో, డబ్బు ఎన్ని విడతల్లో కట్టామో అనవసరం. బయల్దేరేలోపు మొత్తం కట్టేశాం.

మాలే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దాటి బయటికి రాగానే రిసార్టుల కౌంటర్లు వరసగా ఉంటాయి. మా రిసార్టు కౌంటర్లో అబ్బాయి పాస్‌పోర్టులు తీసుకున్నాడు, లిస్టులో పేర్లు చూశాడు, కాసేపు ఏదో వెతికి ట్యాబ్ మావైపు తిప్పాడు. విల్లా బుకింగ్ ఉంది. ట్రాన్స్‌ఫర్ అన్న గడిలో "నాట్ అరేంజ్డ్" అని ఉంది. అప్పటికి అక్కడి టైము సాయంత్రం 4:50. "ఈరోజుకి సీప్లేన్లు అయిపోయాయి మేడమ్, రేపు పొద్దున్న పంపగలం. ఛార్జీ మాత్రం మీరే కట్టాలి" అన్నాడు. సీప్లేన్ అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానం. రానుపోను పెద్దవాళ్లకు మనిషికి 560 డాలర్లు, పాపకు 280. మొత్తం 1,400 డాలర్లు, మన లెక్కలో దాదాపు లక్షా పాతిక వేలు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "మేడమ్, ట్రాన్స్‌ఫర్స్ అన్నాం గానీ సీప్లేన్ అని ఎక్కడా రాయలేదు కదా. స్పీడ్ బోట్ అయితే మా ప్యాకేజీలో ఉన్నట్టే." రా అటోల్ మాలేకి ఉత్తరాన వంద కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి రిసార్టులు సాధారణంగా టూరిస్టులను మాలే నుంచి స్పీడ్ బోట్‌లో తీసుకెళ్లవు. సీప్లేన్, లేదంటే డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కి దిగాక బోటు, ఇవే దారులు. అది అమ్మేవాడికి తెలియకుండా ఉంటుందా? పాప పక్కన సూట్‌కేసు మీద కూర్చుని ఏడుస్తోంది. ఆ ఏడుపు ఫోన్లో వినపడుతూనే ఉంది. అప్పుడు అన్న మాట ఇదీ: "ఎంజాయ్ చేయడానికి వెళ్లారు మేడమ్, ఇంత చిన్నదానికి మూడ్ ఎందుకు పాడుచేసుకుంటారు?" ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. వాట్సాప్‌లో బ్లూ టిక్కులు పడుతూనే ఉన్నాయి, సమాధానం లేదు.

లక్షా పాతిక వేలు చిన్నదట! డబ్బు పోయినందుకు ఎంత బాధగా ఉందో, ఆ ఒక్క మాటకు అంతకు రెట్టింపు బాధగా ఉంది. నెల రోజులు పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజీలు పెట్టిన మనిషి, డబ్బు చేతిలో పడ్డాక మాట్లాడిన తీరు అది.

ఆ రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గర్లోని హుల్హుమాలేలో సొంత ఖర్చుతో గది తీసుకోవాల్సి వచ్చింది. రిసార్టులో మొదటి రాత్రి విల్లా ఖాళీగా ఉన్నా దాని డబ్బు తిరిగి రాదు, ఎందుకంటే బుకింగ్ ఆ తేదీ నుంచే ఉంది. ఇందులో రిసార్టు తప్పేమీ లేదు. కౌంటర్లో ఆ అబ్బాయే హోటల్ చూసి, టాక్సీ ఎక్కించి, మర్నాటి ఫ్లైట్‌లో పేర్లు రాయించాడు.

ఇది ఎలా జరుగుతుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇదే పద్ధతిలో చాలామంది నష్టపోతున్నారు. మాల్దీవ్స్‌లో దాదాపు 1,200 దీవులు. ఒక రిసార్టు అంటే సాధారణంగా ఒక దీవి మొత్తం. ఎయిర్‌పోర్టు నుంచి ఆ దీవికి చేరడమే ఒక పెద్ద ఖర్చు, విల్లా ఖర్చుతో సంబంధం లేని ఖర్చు. ఉత్తర మాలే, దక్షిణ మాలే అటోళ్లలో ఉన్నవాటికి స్పీడ్ బోట్ సరిపోతుంది. బా, రా, నూను, లవియని లాంటి అటోళ్లకు ఎక్కువగా సీప్లేనే. రిసార్టును బట్టి రానుపోను మనిషికి 400 నుంచి 700 డాలర్ల దాకా పడుతుంది, పెద్ద బ్రాండ్లలో ఇంకా ఎక్కువ. ఏజెంట్లు రీల్‌లో చూపించే రేటు తక్కువగా కనపడాలంటే మొదట తీసేసేది దీన్నే.

రెండోది టైము. సీప్లేన్ పగలే ఎగురుతుంది. అవి నీళ్ల మీద దిగే ట్విన్ ఆటర్ విమానాలు, 15 మంది దాకా పడతారు. దిగే చోట రన్‌వే ఉండదు, లైట్లు ఉండవు. పైలట్ కళ్లతో అలల్ని, గాలిని చూసుకుని లగూన్‌లో, అంటే దీవి చుట్టూ ఉండే లోతు తక్కువ నీళ్లలో దించాలి. అందుకే చాలా రిసార్టులు మీ ఇంటర్నేషనల్ ఫ్లైట్ మధ్యాహ్నం 3:30 లోపు దిగాలని చెప్తాయి. దిగాక ఇమిగ్రేషన్, లగేజీ, కస్టమ్స్, అక్కడి నుంచి బస్సులో సీప్లేన్ టెర్మినల్, మళ్లీ అక్కడ చెక్-ఇన్, తూకం. వీటికే గంటకు పైగా పట్టొచ్చు. సీప్లేన్‌కు ముందే ఖరారైన టైము ఉండదు. ఏ రిసార్టుకు ఎంతమంది వస్తున్నారో చూసి ముందురోజు సాయంత్రం షెడ్యూల్ వేస్తారు, దారిలో ఇంకో రెండు దీవుల దగ్గర ఆగొచ్చు కూడా. తిరుగు ప్రయాణంలోనూ ఇదే చిక్కు. మాలే నుంచి మీ ఫ్లైట్ పొద్దున్న 9 లోపు ఉంటే ఆరోజు సీప్లేన్‌లో వచ్చి అందుకోవడం కుదరదు, ముందురోజే వచ్చి మాలేలో పడుకోవాలి. మాల్దీవ్స్ టైము మనకంటే అరగంట వెనక, టికెట్ మీద ఉండేది అక్కడి టైమే. కొన్ని రిసార్టులు తమ దీవిలో మళ్లీ గంట ముందుకు జరుపుకుంటాయి, పికప్ టైము ఏ గడియారం ప్రకారం చెప్తున్నారో అడగండి.

ఏజెంటు చౌక టికెట్ వెతికి సాయంత్రం దిగే ఫ్లైట్ పెడతాడు. టికెట్లో మీకు పది వేలు మిగిలినట్టు కనపడుతుంది. అక్కడ ఒక రాత్రి విల్లా పోతుంది, పైగా హోటల్ ఖర్చు. విమానాల టైములు చూసిన ఏ ఏజెంటుకైనా ఇది ముందే తెలుస్తుంది. తెలిసే అమ్ముతున్నారు!

లగేజీ గురించి ఒక్క మాట. సీప్లేన్‌లో సాధారణంగా 20 కేజీలు, చేతి బ్యాగు 5 కేజీలు. పైన కేజీకి ఇంత అని కట్టాలి. బరువు ఎక్కువైతే మీ సూట్‌కేసు తర్వాతి విమానంలో రావచ్చు. కాబట్టి మందులు, పిల్లల బట్టలు, స్విమ్మింగ్ బట్టలు చేతి బ్యాగులోనే ఉంచుకోండి.

ఇక పన్నులు. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే జాగ్రత్త. మొదటిది 10% సర్వీస్ ఛార్జి, రెండోది టూరిజం జీఎస్టీ. ఆ జీఎస్టీ 2025 జూలై 1 నుంచి 17%, అదీ సర్వీస్ ఛార్జి కలిపిన మొత్తం మీద. రాత్రికి 500 డాలర్ల విల్లా అంటే 50 కలిపి 550, దాని మీద 93.5, వెరసి 643.5. నాలుగు రాత్రులకు 2,000 అనుకున్నది 2,574 అవుతుంది. ఆపైన గ్రీన్ ట్యాక్స్. రిసార్టుల్లో 2025 జనవరి నుంచి మనిషికి రోజుకు 12 డాలర్లు. ముగ్గురికి నాలుగు రోజులకు 144. చాలా కొటేషన్లలో ఇది ఉండదు, చెక్-అవుట్‌లో కార్డు అడుగుతారు. లంచ్, స్నార్కెలింగ్ (నీళ్ల మీద తేలుతూ ముఖం ముంచి కిందికి చూడటం) ట్రిప్పు, ఇలా అక్కడ మీరు కొనే దాదాపు ప్రతిదాని మీద సర్వీస్ ఛార్జీ, జీఎస్టీ కలుస్తాయి. హాఫ్ బోర్డ్ అంటే బ్రేక్‌ఫాస్ట్, డిన్నర్ మాత్రమే. డిన్నర్లో తాగే మంచినీళ్లకు కూడా చాలాచోట్ల బిల్లు వేస్తారు. దీవిలో బయట హోటల్ అంటూ ఉండదు, లంచ్ కావాలంటే రిసార్టు చెప్పిన రేటే. పిల్లలతో వెళ్లేవాళ్లు ఫుల్ బోర్డ్ (మూడు పూటలా భోజనం) రేటు కూడా తప్పకుండా అడగండి, తేడా సాధారణంగా అక్కడ విడిగా తినేదానికంటే తక్కువే ఉంటుంది. డిసెంబర్ 24, 31 తేదీల్లో గాలా డిన్నర్ అని తప్పనిసరి ఛార్జీ పెట్టే రిసార్టులు చాలా ఉన్నాయి, అదీ ముందే అడగాల్సిందే.

వాటర్ విల్లాల్లో చిన్నపిల్లల్ని ఉంచడానికి కొన్ని రిసార్టులు ఒప్పుకోవు, కొన్ని సంతకం పెట్టించుకుంటాయి. చుట్టూ రెయిలింగ్ లేని డెక్, కింద సముద్రం. మీ పాప వయసు రిసార్టుకు వెళ్లిన బుకింగ్‌లో సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. వాటర్ విల్లా అని డబ్బు తీసుకుని, వయసు కుదరలేదంటూ అక్కడికి వెళ్లాక బీచ్ విల్లా ఇచ్చే అవకాశం ఏజెంటుకు దొరికేది ఇక్కడే.

ఇంకో మాయమాట: మంటా రేలు, అంటే రెక్కల్లాంటి మొప్పలున్న పెద్ద చేపలు. బా అటోల్‌లో హనిఫారు బే యునెస్కో బయోస్ఫియర్ రిజర్వులో ఉంది, మంటాలు గుంపులుగా వచ్చే చోటు. ప్రపంచంలోనే అరుదైన దృశ్యం, దానికోసమే వెళ్లినా తప్పులేదు. కానీ అవి వచ్చేది నైరుతి రుతుపవనాల కాలంలో, సుమారు జూన్ నుంచి నవంబర్ దాకా. అక్కడ స్కూబా డైవింగ్‌కు అనుమతి లేదు, స్నార్కెలింగ్ ఒక్కటే. జనవరి ప్యాకేజీలో "హనిఫారులో మంటాలతో స్కూబా" అని రాసి అమ్ముతుంటే ఆ ఏజెంటుకు ఆ చోటు గురించి ఏమీ తెలియదు, లేదా అబద్ధం చెప్తున్నాడు.

ఇప్పుడు అసలు పని. హైదరాబాద్‌లో మీకు అమ్మే ఏజెంటు చాలాసార్లు నేరుగా రిసార్టుతో మాట్లాడడు, మధ్యలో ఒక హోల్‌సేలర్ ఉంటాడు. మీరు మొత్తం కట్టినా రిసార్టు దగ్గర గది "హోల్డ్"లోనే ఉండిపోవచ్చు. గడువు దాటితే ఎగిరిపోతుంది. ఏజెంటు ఇచ్చే రంగురంగుల వోచర్ వాళ్లు సొంతంగా తయారు చేసుకునే కాగితం, దానికి విలువ లేదు. రిసార్టు కన్ఫర్మేషన్ నంబరు అడగండి. రిసార్టు సొంత వెబ్‌సైటులో ఉన్న రిజర్వేషన్స్ ఈమెయిల్‌కు మీరే రాయండి. పేర్లు, పిల్లల వయసు, తేదీలు, ఏ విల్లా, ఏ మీల్ ప్లాన్, ట్రాన్స్‌ఫర్ ఏది, అది పెయిడా కాదా, గది డబ్బు ముట్టిందా. వాళ్లు సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో జవాబిస్తారు. ఏజెంటు "డైరెక్ట్‌గా రిసార్టుకు మెయిల్ చేయొద్దు, రేటు క్యాన్సిల్ అవుతుంది" అంటే ఆ డీల్ అక్కడే వదిలేయండి. కొటేషన్‌లో "రిటర్న్ సీప్లేన్, ముగ్గురికి, పన్నులతో సహా" అని ఈ మాటల్లోనే రాయించుకోండి. అటోల్ పేరు కూడా.

డబ్బు సంస్థ పేరున్న కరెంట్ అకౌంట్‌కే పంపండి, కుదిరితే క్రెడిట్ కార్డుతో కట్టండి, అప్పుడు బ్యాంకులో డిస్ప్యూట్ వేసే దారి ఉంటుంది. "క్యాష్ ఇస్తే టీసీఎస్ లేకుండా చేస్తాం" అన్న మాటకు లొంగకండి. టీసీఎస్ అంటే విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. అది మీ పాన్ మీద జమయ్యే డబ్బు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. క్యాష్ ఇస్తే మీ చేతిలో ఆధారం ఉండదు. టీసీఎస్ కట్టినవాళ్లు ఆదాయపు పన్ను సైటులో మీ పాన్ మీద ఆ మొత్తం కనపడుతోందో లేదో చూసుకోండి. వసూలు చేసి కట్టని ఏజెంట్లూ ఉంటారు. మాల్దీవ్స్‌కు వెళ్లేవాళ్లు నింపాల్సిన ఐముగా ఫారం పేరుతో కూడా డబ్బు ఇవ్వొద్దు. అది మాల్దీవ్స్ ప్రభుత్వ సైటులో ఉచితం, ప్రయాణానికి 96 గంటల లోపు మీరే నింపుకోవచ్చు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. కదలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో వినియోగదారుల కమిషన్‌కు కేసు వేయొచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఏజెంటు ఆఫీసు ఎక్కడున్నా సరే. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌లో దాచుకోండి, స్క్రీన్‌షాట్లు ఒక్కటే సరిపోవు. రిసార్టు నుంచి "ట్రాన్స్‌ఫర్ బుక్ కాలేదు" అని ఈమెయిల్ రాయించుకోండి, సీప్లేన్ రసీదు, హోటల్ బిల్లు దాంతో జతచేయండి. అదే ఏజెన్సీలో కట్టి ఇంకా బయల్దేరనివాళ్లు ఎవరైనా ఉంటే ఇవాళే రిసార్టుకు మెయిల్ పెట్టి ట్రాన్స్‌ఫర్ గడిలో ఏముందో అడగండి.